కాలు తీసినా తగ్గని బండి

నర్సు సరళ బీపీ పట్టీ విప్పింది. విప్పి మళ్లీ చుట్టింది, ఈసారి కడుపుతో ఉన్న రాజకుమారి రెండో చేతికి.

"ఇప్పుడే గదమ్మా సూసేవు," అంది అత్త కనక.

సరళ రబ్బరు బుడ్డి నొక్కి వదిలి, దిగుతున్న ముల్లునే చూస్తోంది. ఇంట్లో వాళ్లందరూ ఆవిడ మొహాన్ని చూస్తున్నారు.

"తలనొప్పి ఎప్పట్నుంచి?"

"నిన్నట్నించమ్మా. పొద్దున్న లెగిసేసరికి కల్ల ముందల మిణుగురులు తిరుగుతున్నట్టుంది," అంది రాజకుమారి.

సరళ ఆమె పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసేసినా అక్కడ పడ్డ గుంట పూడలేదు. అలాగే ఉండిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ ఫల్గుణ ఆ గుంటనే చూస్తున్నాడు. రోజూ చూసే పెళ్లాం కాలే. ఇవాళ ఎవరిదో కాలులా ఉంది.

"సాలూరు తీసుకుపోండి," అంది సరళ పట్టీ మడిచి సంచిలో పెడుతూ. "రేపూ ఎల్లుండీ కాదు. చీకటి పడేలోగా పెద్దాసుపత్రిలో ఉండాలి. ఫిట్సు గానీ వచ్చిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కడం కష్టం. భయపెట్టడానికి చెప్పట్లేదు."

"ఈ వానలకి బస్సు కొండెక్కడం మానేసింది గదమ్మా," అంది కనక.

"బస్సెందుకు? వాకిట్లో బండి పెట్టుకుని?"

అందరి చూపూ ఫల్గుణ మీదకి పోయింది.

బండి వాకిట్లోనే ఉంది. దాని మీద నీలం టార్పాలిను కప్పి, చుట్టూ తాడు బిగించి ఉంది. కొండమలుపులో మట్టిగట్టుకి గుద్దుకున్న రోజున ఫల్గుణే అలా కప్పాడు. మళ్లీ విప్పలేదు.

ఆ రోజు పక్క సీట్లో కూచున్నది తండ్రి సోంబరు. ఇప్పుడాయన ఇంట్లో మూలన, విరిగిన చేతికి వెదురుబద్దలు కట్టుకుని, గోడకి చేరబడి ఉన్నాడు. గుద్దుకున్న క్షణం నుంచీ కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండును అనుకున్నాడు ఫల్గుణ. తిట్టలేదు.

సరళ మాత్ర ఒకటి మింగించి లేచింది. గెడ్డ వాగుకి అవతలి గూడెంలో ఎవరికో నొప్పులు మొదలయ్యాయట. చెప్పులు తొడుక్కుంటూ ఫల్గుణ ముందు ఒక్క క్షణం ఆగింది. టార్పాలిను వైపు ఒకసారి చూసి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

"తాళం ఎక్కడెట్టేవు?" అంది రాజకుమారి.

"తాళమెందుకు?"

"ఎందుకేటి. ఎల్దాం."

"డోలీ కడతాను. ఊల్లో నలుగుర్ని కేకేత్తాను."

"ఈ వాన్లో డోలీ మోసుకుని కొండ దిగేసరికి తెల్లారిపోద్ది. నర్సమ్మ ఏటి సెప్పింది? ఇన్లేదా?"

"ఇన్నాను."

"మరి?"

ఫల్గుణ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. 

"నన్నడక్కు. నాను తోలను. ఎక్సలేటరు మీంచి కాలు తీసేసేను రాజీ. తీసేసినా అది అలగే అరుత్తంది. బ్రేకు తొక్కితే రాయి తొక్కినట్టుంది. ఆ అరుపు నీకు తెల్దు. నిద్దట్లో కూడా ఇనిపిత్తంది."

"పూజ సాల్లేదు," అంది కనక పొయ్యి దగ్గర్నుంచి. "కొండతల్లికి కోపమొచ్చింది. రాదేటి? బండికి దూపమేసినప్పుడు మూతి తిప్పుకునేవోలు ఇంట్లోనే ఉంటే."

"నన్నేనా అత్తా?"

"పేరెట్టేనా?"

"పేరెట్టక్కర్లేదు. ఈ ఇంటికి చర్చికెల్లే ఇంట్నించి వొచ్చింది నానొక్కదాన్నే."

కనక పొయ్యిలో కట్టె ఎగదోసింది. రాజకుమారి కళ్లు మూసుకుని కణతలు నొక్కుకుంది. మూలన సోంబరు వెదురుబద్దల తాడు సరిచేసుకున్నాడు. 

బయట ఎవరో దగ్గారు.

వచ్చింది ధర్మ, రాజకుమారి అన్న. సాలూరులో లారీల షెడ్డులో పని చేస్తాడు. బస్సు వదిలేసిన చోటు నుంచి కొండ కాలినడకన ఎక్కినట్టున్నాడు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. భుజాన పానాల సంచి.

"ఏటి బావా," అన్నాడు టార్పాలిను వైపు చూస్తూ, "బండికి కొత్త పెల్లికూతురు లాగ ముసుగేసేవు?"

ఎవరూ నవ్వలేదు. చెల్లెలి మొహం చూశాక అతని నవ్వూ ఆగిపోయింది.

"నానే నిన్న కబురెట్టేను," అంది రాజకుమారి. "అన్నా, బండికేటయ్యిందో సూడు. బేగి సూడు. మిగతా మాటలు తరవాత."

"సూడ్డానికేటుంది?" అన్నాడు ఫల్గుణ. "గుద్దుకోక ముందల సూడ్లేదా? గుంజుతంది బావా అని తీసుకొత్తే ఏటన్నావు? ఏటీ నేదు, బేసుగ్గా ఉంది అన్నావు."

"ఆరోజు బాగానే ఉంది బావా."

"బాగుంటే మా అయ్య సెయ్యి ఎందుకిరిగింది?"

ధర్మ వెళ్లి తాడు విప్పి టార్పాలిను లాగేశాడు.

అది పాత పెట్రోలు పికప్పు. ఎప్పుడో ఏదో సర్వే కంపెనీ వేలంలో వదిలేసింది. సాలూరులో ఉన్నవాళ్లంతా డీజిలు మేస్త్రీలు. ఈ బండి బానెట్టు ఎత్తాలంటే ధర్మకి కూడా లోపల కాస్త బెరుకే. బంపరు వంగి ఉంది, దీపం ఒకటి పగిలిపోయి ఉంది, సీటు వెనక అద్దం పగిలిన చోట ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. రేడియేటరు మాత్రం బతికింది.

"బావా, లోపల కూకో. స్టార్టు సెయ్యొద్దు. ఒట్టినే ఎక్సలేటరు తొక్కి ఒగ్గేయి."

ఫల్గుణ కదల్లేదు. రాజకుమారి అరుగు మీదకొచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఆమె నిలబడటం చూసి వెళ్లి సీట్లో కూచున్నాడు.

తొక్కాడు. వదిలాడు.

"పెడలు పైకొచ్చిందా?"

"వొచ్చింది గానీ వొదులుగా ఉంది."

ధర్మ ఎక్సలేటరు తీగ కొస విప్పి, చేత్తో ముందుకీ వెనక్కీ లాగాడు. తీగ నూనె రాసినట్టు ఆడింది. తప్పు తీగలో లేదు. స్ప్రింగు చూశాడు, అదీ బాగానే ఉంది. అప్పుడు తీగ లాగే చక్రాన్ని వేళ్లతో తిప్పాడు. తిరిగింది. వదిలేశాడు.

చక్రం వెనక్కి రాలేదు.

కాసేపు అలాగే ఆగి, నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు మెల్లగా, సగం దాకా వచ్చి నిలిచిపోయింది.

"ఇదిగో," అన్నాడు ధర్మ గొంతు తగ్గించి. "థ్రాటిల్ బాడీ. దీని లోపల పట్టేత్తంది."

"మరి షెడ్డులో సూసినప్పుడెందుకు పట్టలేదు?"

"ఆరోజు నువ్వు కొండ దిగి తిన్నగా షెడ్డుకొచ్చేవు. ఇంజను కాగి పొగలు కక్కుతంది. ఇప్పుడు సల్లారిపోయుంది. మంచు గాలికి బిగుసుకుపోతంది లోపలేదో."

ఇంజనుకి గాలి అందించే గాలిడబ్బా మూత తీసి పక్కన పెట్టి, గాలిగొట్టం బిగింపు వదులు చేసి, రబ్బరు గొట్టాన్ని పక్కకి లాగాడు. ఇంజను గాలి పీల్చుకునే గొంతు బయటపడింది. ఆ గొంతులో బిళ్లలాంటి గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. తొక్కితే తెరుచుకోవాలి, వదిలేస్తే మూసుకోవాలి. ఆ రేకు ఎంత తెరుచుకుంటే ఇంజను అంత గాలి పీలుస్తుంది, అంత అరుస్తుంది.

రేకు అంచుల నిండా నల్లటి బంక. కొన్నిచోట్ల తేనెరంగు. రేకు ఊగే ఇరుసు దగ్గర ముద్దలు కట్టి ఉంది.

ధర్మ స్క్రూడ్రైవరుతో గీశాడు. బంక తీగలా సాగింది.

"ఆయిలేటి?" అన్నాడు ఫల్గుణ సీట్లోంచి దిగొచ్చి.

"ఆయిలు ఇలగుండదు. నానెప్పుడూ ఇలాటిది సూడ్లేదు బావా."

ఫల్గుణ బానెట్టు అంచు పట్టుకుని ఇంకాస్త వంగి చూశాడు. మేస్త్రీ కూడా చూడని రోగం.

ఎప్పుడొచ్చాడో సోంబరు వచ్చి పక్కన నిలబడ్డాడు. బాగున్న చేతిని చాపాడు. ధర్మకి అర్థం కాలేదు. సోంబరు అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, మొనకంటిన బంకని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా నడుచుకుంటూ ఇంటి వైపు వెళ్లాడు.

అరుగు మీద కనక ధూపం మూకుడు సిద్ధం చేస్తోంది. బండి కదిలే రోజున ఆవిడ తప్పకుండా చేసే పని అది. మూకుట్లో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. సోంబరు ఆ నిప్పుల మీద స్క్రూడ్రైవరు మొన ఆనించాడు.

చుయ్యిమంది. తెల్లటి పొగ లేచింది.

ఆ వాసన ఎవరికీ చెప్పనక్కర్లేదు. గుగ్గిలం. వేసవిలో సోంబరూ కనకా అడవికెళ్లి చెట్లకి గాటు పెట్టి, కారిన బంకని గోకి తెచ్చుకునే గుగ్గిలం.

కనక మొగుడి మొహం చూసింది. ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి ధర్మ చేతిలో పెట్టి, తిరిగి తన మూలకి వెళ్లిపోయాడు.

"అత్తా," అన్నాడు ధర్మ, "దూపం బండికి ఎక్కడేత్తావు?"

"ఎక్కడేటి. అందరూ ఏసినట్టే."

"సక్రాలకా?"

"సక్రాలకి. ఆ తరవాత ముక్కు కాడ."

"ముక్కేటి?"

కనక వచ్చి చూపించింది. గాలిడబ్బాకి ముందు ఉన్న గొట్టం మూతి.

"బండి స్టార్టులో ఉంటాదా?"

"ఉండాల గదా. నానే స్టార్టు సెయ్యమంటాను. మూకుడు ఇక్కడెడితే పొగంతా లోపలికి పీల్చేసుకుంటది. పక్కకి కొంచెం కూడా పోదు." ఆవిడ గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయింది. "తల్లి తీసుకుంటంది అనుకున్నాను."

ఫల్గుణ తల పట్టుకున్నాడు. "ఎంతేత్తావమ్మా?"

"ముందల సిటికెడే. నువ్వొక పాలి బండి గుంజిందన్నావు. బయమేసి గుప్పెడేసేను. మల్లీ గుంజిందన్నావు. ఇంకా ఏసేను." కనక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరోజు మీ అయ్య ఎక్కుతన్నాడని మూకుడు నిండా ఏసేను."

వాన చినుకులు బానెట్టు మీద టప్‌టప్‌మంటున్నాయి. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు. చూడకపోవడమే ఆవిడకి ఎక్కువ తగిలింది.

"అన్నా," అంది రాజకుమారి అరుగు మీద నుంచి, "ఆ డబ్బా లోపల ఏటుండాల? నువ్వు మూత తీత్తే ఒట్టి డబ్బా కనిపించింది."

ధర్మ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"గాలిని వడగట్టే ఫిల్టరుండాల."

"ఏదీ?"

"వానలకి ముందల సర్వీసులో తీసేసేను. మట్టి కొట్టుకుపోయింది. ఈ బండిది సాలూర్లో దొరకలేదు. విశాఖపట్నం నుంచి తెప్పిత్తాన్లే, అందాకా లేకపోతే ఇంకా బాగా లాగుద్ది అనుకున్నాను."

"అదుంటే?"

"ఉంటే బంకంతా దాంట్లోనే ఆగిపోయేది. మహా అయితే బండి లాగడం మానేసేది. ఇలగ పట్టేసేది కాదు."

ఇప్పుడు ధర్మ వైపూ ఎవరూ చూడలేదు.

ఫల్గుణ అతని చొక్కా పట్టుకున్నాడు. కొట్టడానికి కాదు, పడిపోకుండా ఉండటానికన్నట్టు పట్టుకున్నాడు. "బావా, మా అయ్యని సంపేసేవోన్ని. లోయ పక్కకి తిప్పుంటే సంపేసేవోన్ని."

"తెలుసు బావా."

"నా కాలే తప్పు సేసిందనుకున్నాను. అప్పట్నుంచీ నా కాలుని నానే నమ్మట్లేదు."

"ఆపండి," అంది రాజకుమారి. గొంతు పెంచలేదు. "ఎవులిదెంత తప్పో నాకు బిడ్డ పుట్టేక కూకుని పంచుకోండి. అది పోద్దా, పోదా? ముందల అది సెప్పండి."

ధర్మ గుడ్డని పెట్రోలుతో తడిపి రుద్దాడు. పైపొర జిడ్డు కరిగింది గానీ ఇరుసు దగ్గరి ముద్ద కదల్లేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. చేతికంటుకుంది తప్ప ఊడలేదు. మొత్తం విప్పి దించేద్దామంటే మళ్లీ బిగించడానికి మధ్యలో వేసే గాస్కెట్ లేదు, పక్కనున్న వైర్ల సంగతి తెలీదు. అతని నుదుటి మీద వానా చెమటా కలిసిపోయాయి.

"అలగ పోదు," అంది కనక.

లోపలికి వెళ్లి ఇప్పనూనె సీసా తెచ్చింది.

"గుగ్గిలం గోకేక సేతులు దీంతోటే రుద్దుకుంటాం. రాసి వొంటనే తుడవకూడదు అల్లుడా. నాననియ్యాల. తొందరపడితే ఇంకా పాకుద్ది."

"తొందరేగా మనకి," అన్నాడు ధర్మ.

"అయినా నాననియ్యాల."

ఆ నానే సేపు ఆ ఇంట్లో ఎవరూ మర్చిపోలేని సేపు. ధర్మ బ్రష్షుతో నూనె పూసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పని ఉంటే భయం కొంచెం దూరంగా ఉంటుంది. పని లేకపోతే పక్కనే వచ్చి కూచుంటుంది. రాజకుమారి గోడకి తల ఆనించింది. ఫల్గుణ వెళ్లి ఆమె పాదం తన ఒళ్లో పెట్టుకున్నాడు. నొక్కి చూడటానికి ధైర్యం చాల్లేదు.

"మావా," అంది ఆమె కళ్లు తెరవకుండా, "నాను ఎక్కుతాను గదా ఆ బండి. నీకే ఎందుకంత బయం?"

"నువ్వెక్కుతావనే."

చివరికి కనక "ఇప్పుడు తుడు" అంది. ముద్దలు మెత్తబడి గుడ్డకి ఊడొచ్చాయి. ధర్మ రేకు ముందువైపూ వెనకవైపూ ఇరుసు సందుల్లోనూ పాత పళ్లబ్రష్షుతో తోమాడు. తర్వాత పెట్రోలు గుడ్డతో నూనె జిడ్డంతా తుడిచేశాడు. లోహం మొదటిసారి తెల్లగా కనిపించింది. చక్రం తిప్పి వదిలాడు.

టక్.

మళ్లీ తిప్పి వదిలాడు. టక్. తలుపు గడియ పడ్డట్టు.

గొట్టం బిగించి, "స్టార్టు సెయ్యి బావా," అన్నాడు.

ఇంజను దగ్గింది. ఆగిపోయింది. మళ్లీ తిప్పితే ఒక్కసారిగా వెనకనుంచి తెల్లపొగ కక్కింది, లోపలికి జారిన నూనెకి. బండి అంతా వణికింది. ఫల్గుణ చెయ్యి తాళం మీదకి పోయింది, ఆపేద్దామని.

"ఆపకు. ఆ నూనె కాలిపోనీ."

పొగ పలచబడింది. చప్పుడు నిలకడపడింది. తొక్కాడు, అరిచింది. వదిలాడు, తగ్గింది. తొక్కాడు. వదిలాడు. తగ్గింది. అయినా అతని మొహంలో నమ్మకం రాలేదు. వాకిట్లో తగ్గడం వేరు. గెడ్డ దాటాక పొడుగాటి ఎక్కుడు ఉంది. ఎక్కినంతసేపూ కాలు తొక్కే ఉంచాలి. ఎక్కుడు అయిపోగానే రోడ్డు ఒక్కసారిగా దిగి లోయ అంచున మలుపు తిరుగుతుంది. అక్కడ తగ్గాలి.

చాప పరిచి రాజకుమారిని ముందు సీట్లోకి ఎక్కించారు. పక్కన పట్టుకోవడానికి కనక ఎక్కాలి. ఆవిడ మాత్రం నిప్పుల మూకుడు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బానెట్టు మూసి ఉంది. ఆవిడ చేతులు ఎటు పోవాలో తెలీనట్టు ఉన్నాయి.

"దూపం నేకుండా ఎప్పుడూ పంపలేదు నాయనా," అంది.

 నిజానికి ఫల్గుణకీ అదే భయం.

"బండికొద్దత్తా," అంది రాజకుమారి. "సిటికెడెయ్యి. నా మీద తిప్పు."

కనక కోడలి వైపు చూసింది. చిటికెడే వేసింది. మూకుడు ఆమె ముందు ఒక్కసారి తిప్పి, కింద పెట్టేసి, బండెక్కింది.

వెనక తొట్టిలోకి ధర్మ ఎక్కాడు. అతని తర్వాత సోంబరు కూడా ఒంటి చేత్తో పట్టుకుని ఎక్కాడు. చక్రం కింద పెట్టే చెక్కదిమ్మని కాళ్ల మధ్య పెట్టుకుని కూచున్నాడు. రమ్మని ఎవరూ అడగలేదు. వద్దని చెప్పే ధైర్యం ఫల్గుణకి లేదు.

గెడ్డ దాటారు. ఎక్కుడు మొదలైంది. మంచు దిగి రోడ్డు అరకొరగా కనపడుతోంది. ఫల్గుణ తొక్కి పట్టాడు. ఇంజను అరుపు ఆ రోజు అరుపులాగే ఉంది. కనక నోట్లో ఏదో గొణుక్కుంటోంది. రాజకుమారి చెయ్యి అతని మోకాలి మీద ఉంది.

గట్టుకి గుద్దిన చోట ఎర్రటి గాయం ఇంకా మానలేదు. అది కనపడగానే ఎక్కుడు అయిపోయింది. రోడ్డు ముందుకి ఒరిగింది.

కాలు తియ్యాలి. కాలు రాలేదు. బండిలో ఏమీ పట్టెయ్యలేదు, అతని కాలే పట్టేసింది. తీసినా తగ్గకపోతే అన్న భయానికి తియ్యడమే చేతకాలేదు.

"తియ్యి మావా," అంది రాజకుమారి.

తీశాడు.

ఇంజను గొంతు దిగింది. మెత్తగా, మామూలుగా, ఏమీ జరగనట్టు దిగింది. బ్రేకు పాదం కింద మెత్తగా తగిలింది. బండి మలుపు తిరిగింది. వెనక ధర్మ గట్టిగా ఊపిరి వదలడం వినపడింది.

"తగ్గింది," అన్నాడు ఫల్గుణ. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "రాజీ, తగ్గిందే."

మోకాలి మీద చెయ్యి లేదు.

"కోడలు పలకట్లేదురా," అంది కనక. "కల్లు పైకెల్లిపోతన్నాయి. సేతులు కొట్టుకుంటంది, ఒరే, ఆపు, బండాపు."

ఫల్గుణ కాలు బ్రేకు మీదకి పోయింది.

వెనక అద్దం పగిలిన చోట ప్లాస్టిక్ కాగితం చింపుకుని ఒక చెయ్యి లోపలికొచ్చి అతని భుజం పట్టుకుంది. బిగించి పట్టుకుంది. చెవి పక్కనే, గుద్దుకున్న రోజు నుంచీ వినపడని గొంతు.

"ఆపకు. మీ అమ్మ పట్టుకుంటది. నువ్వు తోలు. బాగా తోల్తన్నావు, ఒరే, తోలు."

ముందు ఇంకో మలుపు. దాని కింద ఇంకోటి. మంచులో సాలూరు ఎక్కడుందో కనపడలేదు.